యాభై ఐదుకే దిగిపోయాను: లెక్కలు, కాగితాలు, పట్టిన రోజులు

2024 జులై 31 సాయంత్రం ఐడీ కార్డు, లాకర్ తాళం గేటు దగ్గర అప్పగించి బయటికొచ్చాను. పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబు ఉద్యోగం. అక్కడ రిటైర్మెంట్ వయసు 58. కాగితాల మీద నాకు 55 నిండి అప్పటికి 51 రోజులు.

కాగితాల మీద అని ఎందుకన్నానంటే, నేను అసలు పుట్టింది 1969 దసరాల్లో. బళ్లో వేసినప్పుడు ఐదేళ్లు నిండలేదని హెడ్మాస్టరు గారు జూన్ 10 అని రాసేసుకున్నారు. మా తరంలో సగం మంది పుట్టినరోజులు జూన్, జులైల్లోనే ఉంటాయి. పీఎఫ్‌కీ పింఛనుకీ పోస్టాఫీసుకీ లెక్క ఆ టెన్త్ సర్టిఫికెట్ తేదీయే. మీరు ఏ తేదీ ఎంచుకున్నా ముందు కాగితం వయసుతో లెక్కేసుకోండి.

అసలు 55 అని ఎలా తేలిందో ముందు చెప్తాను, ఎందుకంటే డబ్బు లెక్కతో అది తేలలేదు. 2023 జనవరిలో ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పదేళ్లకొక పేజీ కేటాయించాను: 16 నుంచి 25, 26 నుంచి 35, 36 నుంచి 45, 46 నుంచి 55. పేజీకి నాలుగు గళ్లు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, నా చేతిలో ఎంత టైముంది, ఒళ్లు ఏం చేయగలిగింది, డబ్బు ఎలా ఉంది. ఏ పదేళ్లు బాగున్నాయో తెలిస్తే మిగిలినవి ఎలా వాడుకోవాలో తెలుస్తుందన్నది ఆలోచన.

మొదటిసారి జ్ఞాపకం మీద రాశాను. 16 నుంచి 25 గెలిచింది. హాస్టలు, సెకండ్ షో సినిమాలు, అప్పులేని బతుకు. ఇది తప్పుడు ఫలితం, అందరికీ ఇలాగే వస్తుంది. రెండోసారి రుజువులు ముందేసుకుని కూర్చున్నాను: పాత బ్యాంకు పాస్‌బుక్కులు, ఆల్బమ్ ఫోటోల వెనక రాసిన తేదీలు, స్కూలు ఫీజు రసీదులు, కంపెనీ పోర్టల్లో సెలవుల రికార్డు (మాకు 2009 నుంచే దొరికింది). దీనికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఈసారి 36 నుంచి 45 గెలిచింది. నాన్న ఉన్నారు, పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు, మెట్లెక్కితే ఆయాసం లేదు. మా ఆవిడ ఆ పేజీ చదివి, "ఆ పదేళ్లలో మీరు ఇంట్లో ఎక్కడున్నారు?" అంది. సెలవుల రికార్డు కూడా అదే చెప్పింది. 2009 నుంచి 2014 దాకా ఆరేళ్లలో నేను వాడుకున్న ఈఎల్స్ (జీతంతో వచ్చే సెలవులు) 31 రోజులు. మిగిలినవి దాచుకోవడమో, అమ్ముకోవడమో.

అప్పుడు ఐదో పేజీ తెరిచాను: 56 నుంచి 65. అమ్మకు 79, తెనాలిలో ఒక్కతే ఉంటుంది. నా ఎడమ మోకాలు రెండో దశ అరుగుదలలో ఉందని 2022లో తీయించిన ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పారు. చేయాలనుకున్న పనుల్లో కాళ్లు కావాల్సినవి ఒక వరసలో, కూర్చుని చేయగలిగేవి ఇంకో వరసలో వేశాను. కాళ్లు కావాల్సిన వరసే పొడుగొచ్చింది. 58 దాకా ఆగితే పోయేది ఆ వరసలోంచే, అదీ మొదటి మూడేళ్లు.

ఇక ఆ మూడేళ్ల ఖరీదు కట్టాను. నా బేసిక్ 62,000. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకు 26 రోజుల లెక్కన, అంటే ఏడాదికి 35,769. మూడేళ్లకి 1,07,307. పీఎఫ్‌లో నావి నెలకు 7,440, కంపెనీవి పింఛను వాటా 1,250 పోను 6,190. మూడేళ్లకి వడ్డీ కాక 4,90,680. వీటి మీద జీతంలో మిగిలేది. చిన్న మొత్తమేం కాదు. ఇంటి లోను 2021లో తీరిపోయింది కాబట్టి వదులుకోగలిగాను. అది తీరకపోయి ఉంటే ఇది రాసేవాణ్నే కాదు. అమ్మాయి పెళ్లికని ఉన్న ఎఫ్‌డీని ఈ లెక్కలోకి తేలేదు. తెస్తే అంకె అందంగా కనిపిస్తుంది, అంతే.

అందరికీ గట్టిగా చెప్పేది ఒకటుంది. కాగితం పెట్టేముందు ఒక నెల రిహార్సల్ చేయండి. 2023 నవంబరు నెల మొత్తం ఈఎల్ పెట్టాను. ఏడాది పాటు రాసిన ఇంటి ఖర్చు సగటు నెలకు 46,000. దాన్ని వేరే ఖాతాలో వేసి, ఆ నెల దానిలోంచే తీయాలని నియమం పెట్టుకున్నాం. 22వ తేదీకి అయిపోయింది. నెలాఖరుకి తేలింది 57,300. ఇంట్లో ఉంటే ఖర్చు తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. ఎందుకంటే అంతకుముందు మధ్యాహ్నం భోజనం కంపెనీ క్యాంటీన్లో, రాకపోకలు కంపెనీ బస్సులో. తెనాలికి రెండు ట్రిప్పులకు 6,400. ఏళ్ల తరబడి వాయిదా వేసిన కుళాయిలు, మిక్సీ, బాల్కనీ తలుపు బాగు చేయిస్తే 2,900. ఇంట్లో ఉన్నాడని తెలిస్తే వచ్చేవాళ్లూ పెరుగుతారు, దాంతో పాల ప్యాకెట్లు రెండు నుంచి మూడయ్యాయి.

టైము సంగతి ఇంకా విచిత్రం. పొద్దున, సాయంత్రం ఇబ్బందేమీ లేదు. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకానే గడవదు. పేపరు అయిపోతుంది, కూరగాయలు తెచ్చేసి ఉంటాం, ఫోను చేద్దామంటే అందరూ ఆఫీసుల్లో ఉంటారు. రెండో వారంలో వంటింటి దగ్గర చిన్న రుసరుసలు మొదలయ్యాయి. ఒంటిగంటన్నరకి గిన్నెలు సర్దేసి మూడున్నర దాకా పడుకోవడం ఆమెకు ముప్పై ఏళ్ల అలవాటు. నాకేమో మూడింటికల్లా టీ పడాలి. ఆమెకూ ఒక షిఫ్టు ఉందని, అందులోకి నేను హ్యాండోవర్ లేకుండా దూరానని ఆ నెలలోనే తెలిసింది. మూడింటి టీ నేనే పెట్టుకోవడం అప్పుడు మొదలైంది. ఈ నెల గడపకుండా దిగిపోయి ఉంటే నెలకు పదకొండు వేల తప్పు లెక్కతో దిగేవాణ్ని.

బడ్జెట్‌ని 58,000కి మార్చాను. రావాల్సినవి: పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల మీద నెలకు సగటున 20,500, పై పోర్షన్ అద్దె 14,000. తక్కువపడే 23,500 ఇతర డిపాజిట్లు, ఫండ్లలోంచి తీసుకోవాలి. గ్రాట్యుటీ, లీవు డబ్బు, పీఎఫ్‌లో మిగిలేది, పాత పొదుపు అన్నీ కలిపి 57 లక్షల దాకా వస్తాయి, అందులోంచి ఏటా ఐదు శాతం తీసినట్టు. ధరలు ఏటా పెరుగుతాయి, పోస్టాఫీసు వడ్డీ ఐదేళ్లూ అదే. నా లెక్కలో బలహీనమైన చోటు అది. తెలిసే దిగాను.

ఇక కాగితాలు. 2024 జనవరిలో పీఎఫ్ పోర్టల్ తెరిస్తే పీఎఫ్‌లో నా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. ఆధార్‌లో పూర్తిగా ముందుంది, పాన్‌లో పూర్తిగా చివరుంది. నాన్న పేరులో "రావు" ఎగిరిపోయింది. మనవాళ్లకి సర్వసాధారణమైన జబ్బు ఇది. పేర్లు దిద్దించడానికి జాయింట్ డిక్లరేషన్ అనే దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాల్సి వచ్చింది. అప్పట్లో అది ముందు కంపెనీకి వెళ్లేది, వాళ్లు ఒప్పుకున్నాక పీఎఫ్ ఆఫీసుకి. జనవరి 11న పెట్టాను. కంపెనీ దగ్గరే 19 రోజులుంది. ఫిబ్రవరి 14న తిరిగొచ్చింది. తప్పు నాదే, నాన్న పేరుకి రుజువుగా ఆధార్ ఒక్కటే జతచేశాను, అందులో తండ్రి పేరే లేదు. 20న టెన్త్ మెమో, పాస్‌పోర్టు జతచేసి మళ్లీ పెడితే మార్చి 22న సరైంది. మొత్తం 71 రోజులు. ఉద్యోగంలో ఉండగా హెచ్‌ఆర్ వాళ్లు పక్క బిల్డింగులో ఉంటారు, వెళ్లి అడగొచ్చు. దిగిపోయాక ఇదే పనికి ఈమెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలి. నా తర్వాత ఆ సొమ్ము ఎవరికో రాసే ఈ-నామినేషన్ కూడా అప్పుడే పూర్తి చేశాను.

ఏప్రిల్ 30న లెటర్ ఇచ్చాను. నోటీసు 90 రోజులు. మొదట "రిజిగ్నేషన్" అని రాస్తే, అకౌంట్స్‌లో ఒకతను చూసి "అన్నా, రిటైర్మెంట్ అని రాయి, వాళ్లిచ్చే అంగీకార పత్రంలో కూడా ఆ మాటే పడేలా చూసుకో" అన్నాడు. మా పాలసీలో 55 నిండినవాళ్లు ముందుగా రిటైర్ కావచ్చన్న నిబంధన ఉంది. ఆ ఒక్క మాట తర్వాత రెండు చోట్ల పనికొచ్చింది. సీనియర్ సిటిజన్ పథకంలో 60 నిండకుండా చేరాలంటే 55 నిండి రిటైరై ఉండాలి. పీఎఫ్ మొత్తం తీసుకోవడానికి కూడా 55 దాటి రిటైరైతే అప్పటి రూల్లో ఉన్న రెండు నెలల నిరీక్షణ ఉండదు.

అంత జాగ్రత్తపడి ఒక చోట బోల్తా కొట్టాను. వేరియబుల్ పే (పనితీరును బట్టి ఏటా ఇచ్చే మొత్తం) మే 15న ఇస్తారు, నోటీసులో ఉన్నవాళ్లకి ఇవ్వరు. పాలసీ పదకొండో పేజీలో ఉంది, నేను చదవలేదు. లెటర్ మే 16న ఇచ్చి ఉంటే చాలు. దాదాపు 85,000 పోయింది. గ్రాట్యుటీలో ఇంకో కిటుకు కూడా ఉంది. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా కలుపుతారు. నేను 1996 జూన్ 3న చేరాను, జులై 31కి 28 ఏళ్ల రెండు నెలలు, కాబట్టి 28. డిసెంబరు మొదటి వారం దాటాక వెళ్లి ఉంటే 29, ఇంకో 35,769. అది తెలిసే వదిలేశాను. వేరియబుల్ పే మాత్రం తెలియక పోయింది, అందుకే ఇప్పటికీ కలుక్కుమంటుంది.

ఆరోగ్య బీమా పని నోటీసు కాలంలోనే చేయాలి. కంపెనీ తరఫున ఉండే గ్రూపు పాలసీ ఆఖరి పనిరోజు అర్ధరాత్రితో ఆగిపోతుంది. గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారితే, పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలంలో గ్రూపులో గడిపిన ఏళ్లు కలుస్తాయి. ఈ మాట ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడగాలి. 45 రోజుల ముందు, జూన్ మధ్యలో దరఖాస్తు పెట్టాను. రక్తపరీక్షలు చేశారు, మూడు నెలల షుగరు 7.1 వచ్చింది, దాంతో ప్రీమియం పెంచారు. ఇద్దరికీ కలిపి 10 లక్షల కవరుకి అప్పట్లో ఉన్న 18 శాతం జీఎస్టీతో 41,300. ఇది నెలనెలా బడ్జెట్లో లేని ఖర్చు, విడిగా పెట్టుకోవాలి. గ్రూపులో ఉన్న అమ్మ ఇందులోకి రాలేదు. ఆమె పేర 5 లక్షల ఎఫ్‌డీ వేసి వైద్యానికి తప్ప ముట్టకూడదనుకున్నాం.

ఆగస్టు 1న నాలుగూ యాభైకి మెలకువ వచ్చేసింది. ఐదూ ఇరవైకి సందు చివర కంపెనీ బస్సు హారన్ వినబడింది, ఆగింది, వెళ్లిపోయింది. దానికంటే ఆగస్టు 31 ఎక్కువ గుచ్చుకుంది. జీతం పడిందన్న మెసేజ్ రాని మొదటి నెలాఖరు. రాదని తెలిసీ రాత్రి తొమ్మిదింటికి ఫోను చూశాను.

గ్రాట్యుటీకి ఫారం ఐ ఆగస్టు 5న ఇచ్చాను, 29న 10,01,538 పడింది. 142 రోజుల లీవు డబ్బు 2,93,467 కూడా అదే రోజు. గ్రాట్యుటీకి 20 లక్షలు, లీవు డబ్బుకి 25 లక్షల పరిమితి ఉంది కాబట్టి రెండింటి మీదా నాకు పన్ను పడలేదు.

పీఎఫ్ అంత సులువుగా రాలేదు. జులై చందా ఆగస్టు 15లోపు కడతారు, ఆ తర్వాతే ఎగ్జిట్ తేదీ ఎక్కిస్తారు. 19న ఎక్కింది. కారణం దగ్గర మాత్రం "రిటైర్మెంట్" బదులు "సెసేషన్" అని పడింది. అంటే మామూలుగా ఉద్యోగం మానేసినట్టు, అప్పటి రూలు ప్రకారం రెండు నెలలు ఆగాలి. మళ్లీ జాయింట్ డిక్లరేషన్, ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 13 దాకా. 14న పీఎఫ్ సొమ్ముకి ఫారం 19 పెడితే 26న 34 లక్షల 18 వేలు పడ్డాయి. లెక్కేస్తే, దిద్దించకుండా ఊరుకున్నా సెప్టెంబరు 30 తర్వాత ఎలాగూ పెట్టుకునేవాణ్ని. ఇంత తిరుగుడుకి మిగిలింది రెండు వారాలు. అయినా రికార్డులో రిటైర్మెంట్ అని ఉండటమే మంచిది. ఎగ్జిట్ ఎక్కించే ముందు హెచ్‌ఆర్‌తో కారణం ఏం పెడుతున్నారో ఒక్కసారి కనుక్కోండి, ఈ తలనొప్పి ఉండదు.

క్లెయిమ్ పేజీలో ఫారం 19 పక్కన పింఛను వాటా సొమ్ముకి పెట్టే 10సీ కూడా కనిపిస్తుంది. పదేళ్లు దాటిన సర్వీసుకి పింఛను సొమ్ము వెనక్కివ్వరు, 10సీతో స్కీమ్ సర్టిఫికెట్ (పింఛను సర్వీసు లెక్క చూపే కాగితం) మాత్రం తీసుకోవచ్చు. నేను ఏదీ తీసుకోకుండా వదిలేశాను.

ఈపీఎస్ (పీఎఫ్‌తోపాటు ఉండే పింఛను పథకం) పింఛను మీద చాలామందికి ఉన్న భ్రమ నాకూ ఉండేది. 28 ఏళ్ల సర్వీసుకి, 20 ఏళ్లు దాటినందుకు రెండేళ్లు కలిపితే 30. దాన్ని 15,000తో హెచ్చించి 70తో భాగిస్తే 6,428 అనుకున్నాను. అలా కాదు. 2014 ఆగస్టు దాకా చేసిన సర్వీసుకి జీతం పరిమితి 6,500 లెక్కన, ఆ తర్వాతిదానికే 15,000 లెక్కన కడతారు. నాకు మొదటి 18 ఏళ్ల 3 నెలలకు 1,695, తర్వాతి 9 ఏళ్ల 11 నెలలకు 2,125. ఆ రెండేళ్లు కలిపినా నాలుగు వేల పైచిలుకే. పూర్తి జీతం మీద చందా కట్టి హయ్యర్ పెన్షన్ తీసుకున్నవాళ్ల లెక్క వేరు. 58కి ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోస్తారు, అదీ జీవితాంతం. 60 దాకా వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం కలుస్తుంది. ఈ కోతకి ఒప్పుకుని 55కే చేయి చాపే పరిస్థితి తెచ్చుకోకూడదు. నేను 58 దాకా ముట్టను.

అక్టోబరు 8న పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ ఖాతా తెరిచాను. రిటైర్మెంట్ సొమ్ము చేతికొచ్చిన మూడు నెలల్లోపు తెరవాలి, అందుకున్న సొమ్ముకి మించి వేయకూడదు, పైన 30 లక్షల పరిమితి. ఆధార్, పాన్, ఫోటోలు, వీటితోపాటు ఏ హోదాలో ఎన్నాళ్లు పనిచేసి ఎప్పుడు రిటైరయ్యానో, ఎంత ముట్టిందో రాసిన కంపెనీ సర్టిఫికెట్ అడిగారు. కౌంటర్లో ఆమె లెటర్‌ని రెండుసార్లు చదివి "రిటైర్డ్" అన్న మాట కింద పెన్నుతో గీత గీసింది. ఏప్రిల్‌లో ఆ మాట మార్పించిన అకౌంట్స్ తమ్ముడికి అక్కణ్నుంచే ఫోన్ చేశాను. వడ్డీ నేరుగా పడాలంటే అక్కడే సేవింగ్స్ ఖాతా కూడా ఉంటే మేలు.

వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 61,500. డిసెంబరు 31 దాకా లెక్కకి మొదటి విడత 57 వేల చిల్లర రావాలి, చేతికొచ్చింది 51 వేల చిల్లర. పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోశారు. ఖాతా పేరు సీనియర్ సిటిజన్, కానీ ఆదాయపు పన్నుకి 60 నిండేదాకా సీనియర్ కాదు. టీడీఎస్ కోయొద్దని సీనియర్లు ఇచ్చే 15హెచ్ ఫారానికి నాకు వయసు లేదు, ఏప్రిల్ నుంచి జులై దాకా జీతం ఉంది కాబట్టి ఆ ఏడాదికి మిగతావాళ్లిచ్చే 15జీ కూడా కుదరలేదు. రిటర్ను వేసి తీసుకోవాల్సిందే. 55లో దిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ఏ క్యూలోనూ మనకి చోటుండదు. బ్యాంకు ఎఫ్‌డీ మీద అదనపు అర శాతం 60కి, ఏపీఎస్‌ఆర్టీసీలో పాతిక శాతం రాయితీ 60కి, తిరుమలలో వృద్ధుల దర్శనం 65కి.

తిరుమల అనుకున్నాక చెప్పేస్తాను, నోట్‌బుక్ ఐదో పేజీలో మొదటి గీత అదే. నవంబరులో అలిపిరి నుంచి ఎక్కాను, 3,550 మెట్లు. నాలుగు గంటల నలభై నిమిషాలు పట్టింది. మోకాళ్ల పర్వతం దగ్గర కొందరు నిజంగానే మోకాళ్ల మీద ఎక్కుతున్నారు. నేను కమ్మీ పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కాను. దిగేటప్పుడు బస్సు. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి చేటని డాక్టరు ముందే చెప్పారు. నెలకు పది రోజులు తెనాలిలో ఉంటున్నాను. అమ్మకి మొదటి రెండు నెలలు అనుమానం, ఉద్యోగం పోయిందేమో, చెప్పట్లేదేమోనని.

ఇక మిగిలింది ఒక్క కాగితం, పింఛనుకి ఫారం 10డి. 2027 జూన్ 10 తర్వాత పెట్టాలి. బ్యాంకు ఖాతా వివరాలు, భార్యాభర్తల జాయింట్ ఫోటో కావాలి. ఫోటో మొన్న సంక్రాంతికి తీయించేసి ఫైల్లో పెట్టాను, ఆరు కాపీలకి 120 తీసుకున్నారు. అప్పటికి ఇద్దరి తలలూ తెల్లబడతాయి, ఇది చెల్లదు, మళ్లీ తీయించాల్సిందే అంటోంది మా ఆవిడ.